కొట్టేసినవీ లెక్కలోకి వస్తాయి

రెండువేల ఆరు ఉగాది నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. కళ్యాణదుర్గం బస్టాండు వెనక బోరు పైపులు, మోటార్ల అంగడి ఒకటి. పన్నెండేళ్లుగా నా పైపులు దిగిన ప్రతి బోరు వివరమూ రాసిన రిజిస్టర్లు ఏడు. ఆ ఏడింటినీ కంప్యూటర్లోకి ఎక్కించిన కోడలు. ఈ రామాంజులు చెప్పాడంటే నీళ్లు పడతాయని చుట్టుపక్కల జనానికి ఉన్న నమ్మకం. ఈ నాలుగింటిలో చివరిదే పెద్దదని నాకు తెలుసు. పైపులు ఎవరైనా అమ్ముతారు.

కోడలి పేరు పద్మప్రియ. నా కొడుకు రాఘవేంద్రకు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం. క్వార్టర్స్ దొరికేదాకా ఆ పిల్ల మా దగ్గరే ఉండింది. ఎంసీఏ చదివింది. ఇంట్లో పొద్దుపోక అంగడికి వచ్చి నా రిజిస్టర్లు తిరగేసేది.

"మామా, ఒక వాగో వంకో పొడుగునా ఎన్ని బోర్లలో నీళ్లు పడినాయో చెప్పాలంటే మీరు ఏడు పుస్తకాలూ తిప్పాల. మీరు ఊర్లో లేని రోజు ఎవరు చెప్తారు?" అంది ఒకరోజు.

ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసిన ప్రోగ్రాము ఒకటి తెచ్చింది. లైబ్రరీ అంటారట. ఊరి పేరో వంక పేరో కొడితే ఆ పేరున్న వివరాలన్నీ క్షణంలో ఏరుతుంది, ఎన్ని ఉన్నాయో లెక్క కూడా చెబుతుంది. ఊరికే ఇచ్చే సరుకును నేను రెండుసార్లు తిప్పి చూస్తాను.

"లోపల ఏముండాదో మనకెట్ల తెలుస్తుందమ్మా?"

"విప్పి చూడొచ్చు మామా. బాగలేకపోతే బాగుచేసి వాళ్లకే పంపొచ్చు."

ఆ మాట నాకు నచ్చింది. మోటార్ల కంపెనీ వాళ్లు సీలు విప్పితే గ్యారంటీ లేదంటారు.

మాఘమాసంలో కంప్యూటరు చెప్పిన లెక్కను నేనే నలభై ఊళ్లకు రిజిస్టర్లతో సరిచూశాను. ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత ఎండిపోయిన బోర్ల పని పెట్టుకున్నాం. వరసగా వానలు ఎగ్గొట్టడంతో మంచి మంచి బోర్లు గాలి కక్కుతున్న రోజులవి. నేను మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగి కనుక్కొచ్చేవాణ్ణి. ఎండిన బోరు కనబడితే రిజిస్టర్లో ఎర్ర గీత కొట్టి, వెనక పేజీల్లో 'ఎండినవి' కింద మళ్లీ రాసేవాణ్ణి. పద్మప్రియ కూడా అలాగే కంప్యూటర్లో నీళ్లున్న చీటీని కొట్టేసి, ఎండినట్టు కొత్త చీటీ చేర్చేది.

ఈ రెండో పని అయ్యాక నేను లెక్క సరిచూడలేదు. ఇది ఇక్కడే రాసి పెడుతున్నాను.

ఉగాది అయిన వారానికి అంజినప్ప వచ్చాడు. కుందుర్పి దారిలో ఎర్రవంక అనే వాగు గట్టున ఆయనకు చీనీ తోట ఉంది, బత్తాయిని మా వైపు అలాగే అంటాం. ఎనభై రెండు చెట్లు, పదకొండేళ్ల వయసు. ఆ చెట్లకు నీళ్లిచ్చిన బోరు నా పైపులతో వేసిందే. శివరాత్రి ముందు అది ఎండిపోయింది. అంగడి ముందు బల్ల మీద అప్పటికే నరసింహప్ప కూర్చుని ఉన్నాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచి నీళ్లు చూసే మనిషి.

"ఎద్దుల్ని అమ్మినా అన్నా," అన్నాడు అంజినప్ప, బల్ల చివర కూర్చుంటూ. "ఆ దుడ్లతో ఒకటే పని జేయగల్ను. కొత్త బోరన్నా ఏసుకోల్ల, లేకుంటే వానలొచ్చేదాకా చెట్లకు ట్యాంకర్లన్నా తోలిచ్చుకోల్ల. మా తిప్పమ్మ ట్యాంకర్లే అంటాంది. కొత్త బోరు వద్దే వద్దంటాంది."

"నరసింహప్ప ఏమంటాడు?"

"రెండు తావుల్లో కాయ లేసి నిలబడింది," అన్నాడు నరసింహప్ప. "అయినా నా కాయను నమ్మేకాలం పాయ లేప్పా. ఇప్పుడు మీ కోడలమ్మ టీవీలో అంకె లేసి నిలబడల్ల."

"టీవీ గాదయ్యా, కంప్యూటరు," అన్నాడు అంజినప్ప.

"ఏదోకటి. నా కాయ అయితే పగలగొట్టి తినొచ్చు. దాన్నేం జేస్తావు?"

పద్మప్రియ నవ్వుతూనే ఎర్రవంక అని కొట్టింది. ప్రింటరు కిర్రుకిర్రుమని చిన్న చీటీ కక్కింది. ఎర్రవంక. నీళ్లున్నవి పదకొండు. ఎండినవి తొమ్మిది.

అంజినప్ప చీటీని చాలాసేపు చూశాడు.

"పదకొండా? మా పక్కనే మూడు ఎండిపాయ కదన్నా. నాదొకటి."

"నీకు మీ ఊరి పక్క తెలుసు. వంక మూడూళ్ల పొడుగుండాది. కింద పక్క బాగుండాయేమో," అన్నాను నేను.

"అంతేనంటావా?"

"లెక్క నేను చెప్పేది గాదు. అది చెప్తాంది."

చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. మూడో రోజున మళ్లీ వచ్చి పైపులకు చెప్పి పోయాడు.

బోరు లారీ వచ్చిన రోజు నేనూ వెళ్లాను. పెద్ద ఆర్డరైతే వెళ్లడం నాకు అలవాటు. పొద్దున్నే మొదలుపెట్టారు. ఇరవై అడుగుల రాడ్డు ఒక్కొక్కటీ దిగుతుంటే అంజినప్ప వేళ్లు ముడుస్తున్నాడు. తిప్పమ్మ పసుపు, కుంకుమ, టెంకాయ పళ్లెంలో పెట్టుకుని గట్టు మీద నిలబడింది. నీళ్లు ఎగజిమ్మితే మొదట గంగమ్మకు పూజ చేయాలి కదా. తొమ్మిదో రాడ్డు దగ్గర దుమ్ము కాస్త చెమ్మగా వచ్చింది. లారీ మనిషి దాన్ని పిడికిట్లో పిసికి ముద్ద చేసి అంజినప్పకు ఇచ్చాడు. అంజినప్ప ఆ ముద్దను వదల్లేదు. పదో రాడ్డుకు నల్లరాయి తగిలింది. ఆ తర్వాత వచ్చిందంతా పొడి రాతిపిండే.

ఇరవయ్యో రాడ్డు దిగాక లారీ మనిషి నా వైపు చూశాడు. నేను అంజినప్ప వైపు చూశాను.

"చాలు," అన్నాడాయన. పిడికిలి తెరిస్తే ముద్ద ఆరిపోయి రాలిపోయింది.

ఇంజను ఆగిపోయాక తోటంతా బూడిదరంగులో కనబడింది. ఆకుల మీద దుమ్ము, పళ్లెంలో పసుపు మీద దుమ్ము. తిప్పమ్మ పళ్లెం కింద పెట్టి, దగ్గరి చెట్టు ఆకుల్ని కొంగుతో ఒక్కొక్కటే తుడవసాగింది. నేను లారీ ఎక్కి వచ్చేసేటప్పటికి ఇంకా తుడుస్తూనే ఉంది.

నా వ్యాపారంలో ఎండు బోర్లు కొత్త కాదు. రెండు రోజులు మనసు బాగుండదు, తర్వాత మర్చిపోతాం. అదీ అలాగే పోయేదేమో. వైశాఖం చివర ఒక పొద్దున అంజినప్ప మళ్లీ వచ్చాడు. కూర్చోలేదు. జేబులోంచి నాలుగు మడతల చీటీ తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు.

"ఇది మీదే కదన్నా. ఇంట్లో ఉంటే కండ్ల ముందరే కనపడతాంటుంది. పెట్టుకో."

"చెట్లెట్లుండాయి?"

"నరికిస్తాండాం. ఇటికెల బట్టీకి పోతాయి."

ఆయన మెట్లు దిగి వెళ్లాక చీటీ విప్పాను. పదకొండు, తొమ్మిది. పక్కపక్కనే ఉన్నాయి. కూడి చూశాను. ఇరవై.

ఎర్రవంకలో నేను పైపులు వేసిన బోర్లు పదమూడు. అది నాకు రిజిస్టరు చూడకుండానే తెలుసు.

అంగడిలో ముగ్గురు గిరాకీలు ఉన్నారు. అయినా ఆగలేదు. "ఇట్ల రామ్మా," అని అరిచాను. "పదమూడు బోర్లున్న వంకలో ఇరవై ఎట్లొచ్చినాయి? ఏడు బోర్లు రెండుసార్లు పుట్టినాయా?"

పద్మప్రియ చీటీ చూసింది, రిజిస్టరు తెరిచింది. ఎర్ర గీత కొట్టిన పేర్లు వరసగా వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. గీతలు ఏడు; ఎండినవాటిలో మిగతా రెండూ మొదటినుంచీ నీళ్లు పడనివే. గీత కొట్టిన ఆ ఏడూ నీళ్లున్నవాటి లెక్కలోనూ చేరాయి, ఎండినవాటి లెక్కలోనూ చేరాయి. ఏడో పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"అంజినప్పగారిది మామా. ఆయన పాత బోరు."

ఎండిపోయిందని ఆయనే వచ్చి చెప్పిన బోరును నీళ్లున్నట్టు లెక్కగట్టి, దాన్నే చూపించి ఆయన చేత ఇంకో బోరు వేయించాం. నిజం లెక్క నాలుగు, తొమ్మిది. నాలుగు అని ఉంటే ఎవడూ బోరు వేయడు.

"నీ చదువు ఒక మనిషి తోటను తినేసింది," అన్నాను. ముగ్గురు గిరాకీలూ విన్నారు.

ఆమె కంప్యూటరు ఆపి, దాని మీద గుడ్డ కప్పి, అంచులు సరిచేసి ఇంటికి వెళ్లిపోయింది. మరుసటి పొద్దున గుంతకల్లు బస్సెక్కింది.

జ్యేష్ఠం వచ్చేసరికి మా మెట్టలో గాలి మొదలవుతుంది. అంగడి పక్క ఖాళీ స్థలంలో కేసింగు పైపులు పేర్చి పెడతాం. గాలి ఆ మూతుల్లోంచి దూరి హూఁ అని ఒకటే మోత. ఇన్నేళ్లుగా విన్న చప్పుడే. సీజను వచ్చిందనడానికి గుర్తు. ఆ సంవత్సరం మాత్రం నాకు అది మనుషులు ఒక గది లోపల్నుంచి మూలుగుతున్నట్టు వినబడింది. పైపులు లెక్కపెట్టకపోయినా చెవి లెక్కపెట్టేది. ఎన్ని గొంతులైనా చివరికి ఏడే వినబడేవి. మూడో రోజున పాత గోనెసంచులు చింపించి మూతులన్నిటికీ కుక్కించాను. బేరానికి వచ్చినవాళ్లు "ఏమప్పా, పైపులకు జలుబు జేసిందా?" అని ఎగతాళి చేశారు. ఎలుకలు దూరుతున్నాయని చెప్పాను.

ఒక ఆదివారం ఎర్రవంకకు వెళ్లాను. అంజినప్ప, తిప్పమ్మ బట్టీ దగ్గర ఉన్నారట. తోట ఉన్నచోట ఎనభై రెండు మొద్దులు. కొత్త బోరు మీద బండరాయి పెట్టి ఉంది. రాయి జరిపి చెవి ఆనించాను. లోపల గాలి తిరుగుతోంది. నలభై అడుగుల అవతల పాత బోరు. దాని మీది రాయి కూడా జరిపి విన్నాను. అదే గొంతు. ఏది మొదట ఎండిందో చెవికి తెలియలేదు. పట్టపగలు, నెత్తిన ఎండ. అయినా రెండు రాళ్లూ గబగబా తిరిగి పెట్టేసి మోటారు సైకిలెక్కాను.

ఆమె మీద అరిచాను గానీ నాకు కుదురు లేదు. తప్పు యంత్రానిది అన్నా, కోడలిది అన్నా, చీటీలో రెండంకెలే కదా ఉన్నాయి. కిరాణా కొట్టు చీటీ కూడా కూడి చూసుకునేవాణ్ణి. దీన్ని ఎందుకు కూడలేదు? పదకొండు అనగానే నా కళ్లకు కనబడింది బోరు కాదు, పైపులు. నాలుగు అని వచ్చి ఉంటే తప్పకుండా కూడి చూసేవాణ్ణి. నాకు లాభమైన అంకెను నేను తిరగేసి చూడలేదు.

పన్నెండు రోజులకు పద్మప్రియ తిరిగొచ్చింది. ఇంటికి పోలేదు, నేరుగా అంగడికే వచ్చింది. చేతిలో ఒక కాగితం.

"మామా, నన్ను వెనకేసుకొని రావద్దు. ఇందులో ఏముందో అంతే చెప్పండి," అంది. "ఆ లైబ్రరీ వాళ్లు ఏ లెక్క ఏం చెబుతుందో రాసి పెట్టిన వివరణ ఇది. నేను వాడిన లెక్క గురించి ఒక్క వాక్యమే ఉంది. తెలుగులో చెప్తాను: 'ఈ మాట ఉన్న పత్రాలు ఎన్నో చెబుతుంది.' మీకేం అర్థమయింది?"

"ఎన్నుంటే అన్ని చెప్తుంది."

"కొట్టేసినవి?"

"కొట్టేసినవి యాడుంటాయమ్మా? కొట్టేసినాం కదా."

"నేనూ అట్లే అనుకున్నాను," అంది.

 నేను లేచి నా కుర్చీ ఆమె వైపు జరిపి, ఎదురింటి హోటలుకు రెండు టీలు చెప్పాను. గల్లాపెట్టె దగ్గరి ఆ కుర్చీలో నేను తప్ప ఎవరూ కూర్చోరు. ఆమె ఒక్క క్షణం నిలబడి, తర్వాత కూర్చుంది.

"గుంతకల్లులో కూర్చొని లోపలంతా విప్పి చూశాను మామా. కొట్టేసింది వెంటనే పోదు. గుర్తు పెట్టి పక్కన వదిలేస్తుంది. వెతికితే చూపించదు, కానీ ఈ లెక్కలో మాత్రం ఉంటుంది. ఇండెక్సు, అంటే వెతకడానికి అది రాసుకున్న పట్టిక, దాన్ని మొత్తం మళ్లీ సర్దినప్పుడే పోతుంది. అది రాసినవాళ్లకు తెలుసు. చదివేవాళ్లకు చెప్పలేదు."

"ఇదే కదమ్మా నా రిజిస్టరు!" అన్నాను. "ఎర్ర గీత కొడతాం, పేజీ చించం. కొత్త రిజిస్టర్లోకి తిరగరాసినప్పుడే ఆ బోరు మాయమవుతుంది. ఎవరైనా పేరు చదవకుండా పేజీలు లెక్కబెట్టినారనుకో, గీత కొట్టినవి కూడా లెక్కలోకి వస్తాయి."

ఆమె నా వైపు చూసింది. "ఈ మాటే వాళ్లకు రాద్దాం."

అలా ఆ ఆషాఢమంతా అంగడిలో రెండు పనులు జరిగాయి. ఒకటి పైపుల వ్యాపారం, అది అంతంతమాత్రం. రెండోది ఆ వివరణకు మాటలు వెతకడం. పద్మప్రియ మొదట రాసినదాన్ని తెలుగులో చెబితే నాకు తల తిరిగింది.

"ఇది తెలిసినోళ్లకు తెలిసేటట్టు రాసినావు. వాళ్లకు చెప్పాల్సిన పనేముంది? నాలాంటోడు చదివితే ఏడ పడిపోతాడో ఆడ రాయి పెట్టల్ల."

నాలుగుసార్లు కొట్టేసి, అయిదోసారికి మూడు వాక్యాలు మిగిలాయి. ఈ లెక్కలో కొట్టేసినవి కూడా ఉండవచ్చు. ఇండెక్సును తిరిగి సర్దేదాకా కొట్టేసినవీ లెక్కలోకి వస్తాయి. ఇప్పుడు ఉన్నవి ఎన్నో కావాలంటే ఈ అంకెను నమ్మకుండా వెతికి తీసినవాటిని లెక్కపెట్టుకోండి. ఆమె వాటిని ఇంగ్లీషులో పెట్టి ఫోను లైను మీదుగా లైబ్రరీ వాళ్లకు పంపింది.

రోజూ పొద్దున అంగడి తెరవగానే నేను అడిగేది అదే. "ఏమన్నారమ్మా?"

వాళ్లలో ఒకాయన, లోపలి కోడు చదివితే ఇది తెలిసిపోయేదే అన్నాడట. ఇంకొకాయన, కోడు చదవనివాళ్ల కోసమే కదా వివరణ ఉండేది అన్నాడట. మూడో ఆయన, ఈ అంకె వెతికినవాటిని వరస పెట్టడానికి వాడేది, అటూ ఇటూ అయినా ఎవరికీ నష్టం లేదు కదా అని అడిగాడట.

పద్మప్రియ తల ఎత్తకుండా అడిగింది. "అంజినప్పగారి సంగతి రాయమంటారా మామా?"

చాలాసేపు ఆలోచించాను. "వద్దు. ఆయప్ప మనకు చెప్పుకున్న కష్టం అది, ఊరి మీదికి పంపేది గాదు. పదమూడు బోర్లున్న చోట మీ లెక్క ఇరవై చెప్తాందని రాయి. లెక్క తెలిసినోడికి అది చాలు."

రాసింది. రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. శ్రావణం మొదటి శుక్రవారం నాడు, చేర్చుకున్నాం అని బదులొచ్చింది. పంపినవాళ్ల పేరు కూడా పక్కన పెట్టారు. పద్మప్రియ అని. కింద ఎవరో తెలియని మనిషి ఒక్క ముక్క రాశాడు. తానూ మూడేళ్లుగా తప్పు లెక్కే చూస్తున్నానని.

అదే వారం గుంతకల్లులో క్వార్టర్స్ దొరికాయి. ఆమె వెళ్లేముందు ఇండెక్సును మొత్తం సర్దింది. ఎర్రవంక అని కొట్టి నాకు చూపించింది. అంజినప్ప కొత్త బోరు కూడా చేర్చాం కాబట్టి, నీళ్లున్నవి నాలుగు, ఎండినవి పది. పద్నాలుగు. రిజిస్టరుతో సరిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇటుకల బట్టీకి వెళ్లాను. అంజినప్ప ఇటుకలు ఎత్తుతున్నాడు. తిప్పమ్మ కాస్త దూరంలో నీళ్ల కుండ దగ్గర ఉంది. జరిగిందంతా చెప్పాను. ఏడు బోర్లు, కొట్టేసినవి పోకపోవడం, ఆ వివరణ, మా మూడు వాక్యాలు, కూడి చూడని నా తప్పు. ఆయన చేతులు దులుపుకుంటూ విన్నాడు.

"అయితే ఇంగ ఆ పుస్తకం చదివినోడెవుడూ పొరపాటు పడడు."

"పడడు."

"మంచిదే." ఒక ఇటుక ఎత్తి పక్కన పెట్టాడు. "నా కొత్త బోరు రాసుకున్నారా?"

"రాసినాం."

"ఎండినవాట్లోనే కదా?"

"అవును."

"ఇప్పుడెంతంటాది?"

"నాలుగు, పది."

అంజినప్ప చెయ్యి చాపాడు. "నీకిచ్చిన ఆ పాత చీటీ ఇయ్యన్నా."

"ఇప్పుడు నీకెందుకప్పా?"

ఆయన తిప్పమ్మ వైపు చూశాడు. "ఆయమ్మ మాట కాదని ఏసినా గదా. ఆ పొద్దు నుంచి ఒక్క మాటన్లేదు నన్ను. అనింటే బాగుండు. నాలుగని వచ్చింటే నేను ఆయమ్మ మాటే వినింటి. ఆ పదకొండు చూపించి చెప్పల్ల."

చీటీ నా జేబులోనే ఉంది. ఇచ్చాను. ఆయన దాన్ని మడవలేదు. రెండు వేళ్లతో అంచు పట్టుకుని, దుమ్ము అంటకుండా పైకెత్తి, నీళ్ల కుండ వైపు నడిచాడు. తిప్పమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. చదువురాని మనిషి. చీటీ అందుకుని ముందూ వెనకా చూసి, "ఇందులో ఏముండాది?" అంది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నేను వినకుండా వచ్చేశాను.

ఆ సీజను లెక్క ఇదీ. ఎనభై రెండు చెట్లు, ఒక జత ఎద్దులు పోయాయి. అవి నావి కావు. నా మాట మీద జనానికి నమ్మకం ముందున్నంతే ఉంది, ఎందుకంటే అంజినప్ప ఎవరికీ చెప్పలేదు. నా మీద నాకున్న నమ్మకమే తగ్గింది. ఇప్పుడు ఏ చీటీ ఇచ్చినా అంకెలు కూడి, రిజిస్టరు తెరిచి, పేర్లు పైకి చదివాకే ఇస్తాను. ఆలస్యమవుతుందని గిరాకీలు గొణుగుతారు. గుంతకల్లు నుంచి కోడలు ఫోను చేసినప్పుడు నా ఆరోగ్యం తర్వాత అడిగేది, "సర్దినారా మామా?" అనే. సర్దినానని చెబుతాను. జ్యేష్ఠం వస్తే పైపుల మూతులకు గోనెసంచులు కుక్కిస్తాను, అయినా గాలి ఎక్కడో ఒకచోట దూరుతూనే ఉంటుంది.

పోయినవాటికి ఎదురుగా, వచ్చినవాటి కింద రాయడానికి ఒక్కటే ఉంది, నేను చదవలేని భాషలో ఆ మూడు వాక్యాలు.